ఐసు పెట్టని ట్యూబు

నరసన్నపేట,
18-6-2018.

ప్రాంతీయ డీఎన్‌ఏ పరీక్షా కేంద్రం అధికారి వారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ఫ్రిజ్‌లో ఉంచలేదని తిప్పి పంపిన లక్ష్మణమ్మ ఉమ్మి నమూనాను పరీక్షింప కోరుట గురించి.

ఉమ్మిలో మనిషి ఎన్నాళ్ళు నిలుస్తాడు? ఎమ్మెస్సీ చదివిన నాటి నుంచి ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. ప్రభుత్వాసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్ని.

1. 2016 ఆగస్టులో వేటకెళ్ళిన ధనరాజు బోటు తిరిగి రాలేదు. పదకొండో రోజున గుర్తుపట్టలేని దేహమొకటి ఒడ్డుకు కొట్టుకొచ్చినది. పోలీసు వారు పన్ను తీయించి తమకు పంపి, దేహమును పూడ్పించిరి. పోల్చుటకై అతని తల్లి, చేపలమ్ముకునే లక్ష్మణమ్మ ఉమ్మిని కానిస్టేబుల్ ఎదుట రెండు ట్యూబులలో నేనే సేకరించితిని. ధనరాజుకు తండ్రి లేడు, పిల్లలు లేరు, తోబుట్టువులు లేరు.

2. ఫ్రిజ్‌లోని ట్యూబు మూడు రోజులు కరెంటు లేక పాడైనది. రెండవదానిలో నిలవ ద్రావణం కలిపితిని. అది సూక్ష్మజీవులను పెరగనివ్వదు, డీఎన్‌ఏను తునకలు కానివ్వదు. ఐసు అక్కర్లేదు. ఈ మాట చెప్తే లక్ష్మణమ్మ నవ్వి, "అయితే ఆ నీళ్ళేవో నా సేపల గంపలో కూడా పొయ్యమ్మా" అన్నది. ఆ ట్యూబు పంపితే "కోల్డ్ చైన్ పాటించలేదు" అని ఒక్క ముక్క రాసి తిప్పి పంపినారు. పాటించే పని లేకుండా చేయడానికే కదండీ ఆ ద్రావణం.

3. మరల ఇమ్మని కబురు పెట్టితే లక్ష్మణమ్మ రాలేదు. మొన్న ఫిబ్రవరిలో పోయినది. ఇక ఉన్నది ఆ ట్యూబే. రెండు వేసవులు నా బీరువాలో ఉన్నది.

4. ధనరాజు భార్య కుసుమకుమారి వారం వారం వచ్చి ల్యాబ్ గుమ్మం దగ్గర కూర్చుంటున్నది. "బొట్టు ఉంచుకోవాలా తీసెయ్యాలా, అదొక్కటి సెప్పు మేడమ్" అంటున్నది. చర్చిలో మోకాళ్ళ మీద ఉన్నా నాకు ఆ బీరువా తాళమే గుర్తొస్తున్నది.

కావున ట్యూబు మరల పంపుచున్నాను. ఒక్కసారి మూత తీసి చూసి, ఆ తరువాతనే కాదనవలెనని చిత్తగించ ప్రార్థన.

తమ విధేయురాలు,
ప్రిస్కిల్లా

తాజా కలం: దాచకూడదని రాస్తున్నాను. ఉమ్మి తీసే ముందు అరగంట పొగ తాగొద్దని లక్ష్మణమ్మకు చెప్పాను. అప్పుడామె అడిగింది:

"ఇది కలిస్తే ఆడు సచ్చినట్టేనా?"

అవునన్నాను.

"కలవకపోతే?"

"ఆ దేహం మీవాడిది కాదని."

"అయితే ఎక్కడో ఉన్నాడన్నమాట."

నేను లేబుళ్ళు రాసి తలెత్తేసరికి అడ్డపొగ కాలుస్తోంది, చుట్ట నిప్పు కొస నోట్లో పెట్టుకుని. "మర్సిపోనానమ్మా" అంది. నోరు పుక్కిలింపించి, అరగంట ఆగి తీశాను. నలభై ఏళ్ళ అలవాటు, నిజంగానే మరిచిపోయిందేమో. పాడు చెయ్యాలనే కాల్చిందేమో. కోడలి కోసం పరీక్ష చెయ్యమంటున్నాను గానీ, ఉమ్మి ఇచ్చిన మనిషి వద్దనుకుందో ఏమో, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.