ఉప్పు సంచిలో నాటిన కరివేపాకు మొక్క

విజయనగరం,
ఆషాఢమాసం, ఆదివారం మధ్యాహ్నం

నరసన్నపేటలో కొత్త ఇల్లు కట్టుకుని, గోడల సున్నం వాసన పోకముందే పెరట్లో ఏ మొక్క ఎక్కడ పెట్టాలో ముగ్గుతో గీతలు గీసుకుంటున్న మా అక్క నీలవేణికి, విజయనగరంలో ఒక డాబా మీది ఒంటి గదిలో కాపురముంటున్న తమ్ముడు సింహాచలం రెండు చేతులూ జోడించి, మెలిపెట్టడానికి వీలుగా కుడి చెవి ముందుకు పెట్టి రాసుకుంటున్నది.

నేను బాగానే ఉన్నాను. నువ్వు, బావ, మీ అత్తగారు బాగున్నారని అనుకుంటున్నాను. బావ నడుం నొప్పి ఎలా ఉంది? ఇటుకలు తానే మోస్తే కూలీలు ముచ్చటపడి తొందరగా పని చేస్తారన్న ఆయన సిద్ధాంతం ఏమయింది? మొన్న నాన్న ఫోన్ చేశాడు. నౌపడలో అందరూ కులాసా, వాన పడి ఉప్పు మళ్ళల్లో పని ఆగిందట, అందుకని ఇంట్లో కూర్చుని అమ్మ వంటకి వంకలు పెడుతున్నాడట. అంటే అందరూ కులాసాయే.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నువ్వు ఇప్పటికే కనుబొమలెత్తి ఉంటావు. కారణం ఉంది. ఫోన్లో అయితే రెండో మాటకే నువ్వు అరుస్తావు, మూడో మాట చెప్పడానికి నాకు ధైర్యం చాలదు. ఉత్తరంలో ఎంత అరిచినా నా వాక్యం ఆగదు. దయచేసి చివరిదాకా చదివి అప్పుడు అరుద్దువు గాని.

ముందు నా సంగతులు. కాలేజీ తెరిచారు. కెమిస్ట్రీ లాబులో నా ఉద్యోగం నిలకడగా ఉంది, పరీక్ష నాళికలే నిలకడగా లేవు, వారానికి నాలుగు పగులుతున్నాయి. ఇంటర్ పిల్లలు నన్ను సార్ అంటారు గానీ ఆ మాట అనే ముందు చిన్నగా నవ్వుతారు. మెస్సు భోజనం గురించి చెప్పడానికేం లేదు. సోమవారం సాంబారుకి బుధవారం పప్పుచారని పేరు పెడతారు, అంతే తేడా. ఆరోగ్యం బాగుంది, బెంగ పెట్టుకోకు. పగలు ఉక్కపోత, సాయంత్రం నాలుగు చినుకులు. ఆదివారాలు మాత్రం కొంచెం పొడుగ్గా ఉంటాయి. గంటస్తంభం దాకా నడిచి వస్తాను, వచ్చాక కూడా ఆదివారం మిగిలే ఉంటుంది. అందుకే డాబా మీద ఆకుల సాగు మొదలుపెట్టానని నీకు తెలుసు. పుదీనా, వామాకు, గుంటగలగర, నిమ్మగడ్డి, వీటన్నిటికీ మహారాణిలా మన కరివేపాకు.

ఇదిగో, అసలు విషయం దగ్గరికి వచ్చాను. ఇంకొక్క పేరా సాగదీద్దామనుకున్నాను గానీ చేతకాలేదు.

అక్కా, నాయనమ్మ చెట్టు పిలక చచ్చినంత పని అయింది. చేసింది నేనే.

కిందటేడు నేను ఉద్యోగానికి బయల్దేరినప్పుడు ఆ పిలకని వేరు తెగకుండా తవ్వి, మట్టి ముద్దతో సహా తడిగుడ్డలో చుట్టి, రైల్లో నా ఒళ్ళో పెట్టావు. అప్పుడు మనిద్దరికీ అది ఒట్టి పిలక. నాయనమ్మ పెట్టిన పెద్దచెట్టు పెరట్లో ఉండనే ఉంది కదా. తరవాత కార్తీకంలో తుఫాను వచ్చింది, సముద్రపు పోటు నీరు పెరట్లోకి వచ్చి రెండు రోజులు నిలిచింది, పెద్దచెట్టు నిలువునా ఎండిపోయింది. ఆ రోజు నుంచీ ఆ చిన్నాకు కరివేపాకు, ఆ ఎర్ర ఈనె, గుమ్మంలోంచి వంటింటిదాకా వచ్చే ఆ వాసన, అన్నీ ఈ డాబా మీద నా చేతిలోనే మిగిలాయి. నువ్వేమో బోరు పక్కన జాగా వదిలిపెట్టి, శ్రావణ శుక్రవారం వచ్చి మొక్క తీసుకెళ్తానని కూర్చున్నావు. ఏ ధైర్యంతో నాకు అప్పగించారో మీ అందరి తెలివితేటల మీద నాకు అనుమానంగా ఉంది.

మొక్క మాఘందాకా పెయింటు డబ్బాలో బాగానే ఉంది. వేళ్ళు డబ్బా అడుగున చుట్టలు తిరిగాయని పెద్ద ఇంటికి మార్చాలనుకున్నాను. కొనడమెందుకు, మన ఇంట్లో నాన్న పడేసిన గోనె సంచులున్నాయి కదా అని నౌపడ వచ్చినప్పుడు నాలుగు పట్టుకొచ్చాను. మట్టి నింపి, కరివేపాకునీ మిగతా పరివారాన్నీ వాటిలో నాటాను. అవి ఉప్పు సంచులక్కా. ఇరవై ఏళ్ళు ఉప్పు మోసిన సంచులు. కుట్ల దగ్గర ఇంకా తెల్లగా మెరుస్తూనే ఉన్నాయి, పుట్టిన దగ్గర్నుంచీ చూసిన మెరుపు కాబట్టి నా కంటికి ఆనలేదు. వేరే ఊరి వాడైతే దులిపేవాడు, కనీసం నాలుక మీద వేసుకుని చూసేవాడు. నేను బీఎస్సీ కెమిస్ట్రీ, ఫస్టు క్లాసు.

మొదట పుదీనా పోయింది. పుదీనాకి మామూలుగానే కోపం ఎక్కువ, పోతే పోయిందనుకున్నాను. తరవాత నిమ్మగడ్డి. చైత్రం వచ్చేసరికి కరివేపాకు ఆకుల అంచులు బీడీ అంటించినట్టు మాడటం మొదలుపెట్టాయి. ఎండ అనుకుని నీడకి జరిపాను. ఆకలి అనుకుని ఎరువు వేశాను. డాబా కారుతుందన్న భయంతో నీళ్ళు మాత్రం చెంబు కొలతగా పోశాను. అంటే ఉప్పు ఎటూ కొట్టుకుపోకుండా సంచిలోనే భద్రంగా ఉండేటట్టు జాగ్రత్తపడ్డాను.

ఆ రోజుల్లోనే నువ్వు ఫోన్ చేశావు. "ఒరే సిమ్మాచెలం, సెట్టెలగున్నాదిరా?" అన్నావు. "నాకన్నా బాగున్నాదక్కా, ఒల్లు సేసింది" అన్నాను. వెనకనుంచి బావ, "మీ తమ్ముడు మొక్కని పెంచుతన్నాడా, మొక్కే మీ తమ్ముణ్ణి పెంచుతన్నాదా?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఫోన్ పెట్టేసి చూస్తే ఇంకో రెమ్మ రాలి ఉంది.

ఇంకో పాపం కూడా ఇక్కడే చెప్పేస్తాను. వైశాఖంలో మన ఊరి వాళ్ళ చేత నీకు పంపిన ఎండు కరివేపాకు మన చెట్టుది కాదు. రైతు బజారులో కొన్నది. కడిగి, గుడ్డ మీద ఆరబెట్టి, రెమ్మలు గుత్తులుగా కట్టి, గదిలో దండేనికి తలకిందులుగా వేలాడదీసి, ఎండ తగలనివ్వకుండా నాలుగు రోజులు నీడనే ఎండించి, చేత్తో నలిపితే గలగలమనే దాకా ఉంచి, తడిలేని సీసాలో పెట్టి మరీ పంపాను. నాయనమ్మ పద్ధతి అక్షరం తప్పలేదు. ఆకు ఒక్కటే అబద్ధం.

మీ అత్తగారు పొడి బాగుందన్నారని చెప్పావు. తరవాత, "వాసనే కొంచెం తగ్గినట్టున్నాదిరా. కుండీలో మొక్క కదా, దానికేటి పాపం, ఏర్లు తన్నడానికి జాగా లేదు. మా పెరట్లో ఎడితే మల్లీ వస్తాది" అన్నావు. తిట్టి ఉంటే బాగుండేది. నా అబద్ధానికి సాకు కూడా నువ్వే వెతికిపెట్టావు. ఆ పూట మెస్సుకి వెళ్ళలేదు. ఆకలి లేక కాదు, నువ్వు బెంగపడకు, రాత్రికి రెండు పూటలదీ కలిపి తినేశాను.

గుట్టు బయటపెట్టింది మా ఇంటి యజమానురాలు. సత్యవతి గారని, కింద కిరాణా కొట్టు వాళ్ళదే. అందరం మామ్మగారంటాం. తులసికోటకి నీళ్ళు పొయ్యడానికి పొద్దున్నే డాబా మీదకి వస్తారు. పొద్దుగూకాక నేను ఆకు తుంచితే చెయ్యి మీద ఒకటేస్తారు. ఒకరోజు నా సంచి దగ్గర ఆగారు.

"ఏటి బాబూ, ఆకులలగ మాడిపోతన్నాయి?"

"ఎండండి మామ్మగారూ."

"నా తులసికి తగల్లేని ఎండ నీ మొక్కకే తగిలిందేటి? ఆ సంచెక్కడిది?"

"మా ఊరిదండి. నౌపడ."

ఆవిడ చెంబు కింద పెట్టేశారు. "నౌపడ సంచా! ఓలమ్మ, మా కొట్లోకి వేల సంచులొచ్చాయి అక్కణ్ణించి. ఆటి మీద బెల్లం దిమ్మ పెడితే సాయంత్రానికి నీరు కారీసీది. నువ్వు మొక్కని పెంచలేదు నాయనా, ఊరగాయెట్టేవు! కారమొకటి తక్కువ."

నేను ఒప్పుకోలేదు. చదువుకున్నవాణ్ణి కదా, రుజువు కావాలి. మర్నాడు సంచిలోంచి గుప్పెడు మట్టి లాబుకి పట్టుకెళ్ళి, నీళ్ళలో కలిపి వడగట్టి, సిల్వర్ నైట్రేటు రెండు చుక్కలు వేశాను. కుళాయి నీళ్ళలో వేస్తే పలచగా మసక వచ్చింది. మన మట్టి నీళ్ళలో తెల్లగా, పెరుగు విరిగినట్టు అడుగుకి దిగింది. కిందటేడంతా వంద మంది పిల్లలకి 'ఇది ఉప్పు ఉందనడానికి గుర్తు' అని చూపించిన ప్రయోగం అది. చూసి చేతులు కడుక్కోవడం మరిచిపోయాను. ఆ మందు పడిన వేళ్ళు వారం రోజులు నల్లగానే ఉన్నాయి. పెద్దచెట్టుని చంపడానికి సముద్రం పెరట్లోకి రావలసి వచ్చింది. పిల్లచెట్టు కోసం దాన్ని నేనే సంచిలో పెట్టి రైల్లో తెచ్చాను.

సాయంత్రం వచ్చి సంచి కోసేశాను. వేళ్ళ చివర్లు గోధుమరంగుకి తిరిగాయి. మూడు బకెట్ల మంచినీళ్ళలో మూడుసార్లు ముంచి కడిగాను, తాగే నీళ్ళ డబ్బా మొత్తం అయిపోయింది. మామ్మగారు ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు కలిపించి మట్టి కుండీలో పెట్టించారు. తరవాత నా చేతికి కత్తెర ఇచ్చారు.

"కొట్టీ."

"ఏంటండీ?"

"తల కొట్టీమంటన్నాను. జానెడుంచి కొట్టీ. ఉన్న నాలుగేర్లూ ఆ మాడిన కొమ్మలన్నీ మొయ్యాలేటి?"

"చచ్చిపోతుందేమోనండి."

"ఇప్పుడు బతికున్నాదేటి?"

కొట్టేశాను అక్కా. నడుమెత్తు మొక్క జానెడు పుల్ల అయింది. పక్కన మిగతా సంచుల్లోంచి గుంటగలగరనీ, వామాకునీ కూడా ఊడబెరికి కడిగి మార్చాను. వామాకు మాత్రం ఏమీ జరగనట్టు మొహం పెట్టింది, దానికి సిగ్గూ శరమూ లేదు. గుంటగలగర తేరుకుంది, కోసి నువ్వుల నూనెలో తడి చిటపట ఆగేదాకా కాచాను. ఒక సీసా నీకు ఉంచాను, ఇది నిఖార్సయినది, మామ్మగారు సాక్షి.

కరివేపాకు పుల్ల మాత్రం నెల దాటినా పుల్లగానే ఉంది. రోజూ పొద్దున్న గోటితో కొంచెం గీకి చూసేవాణ్ణి, లోపల పచ్చగా ఉందా లేదా అని. "రోజూ గీకితే అదే సస్తాది, దాన్నొగ్గీ" అని మామ్మగారు గోల పెట్టారు. ఒదిలేశాను. వాన పడ్డ మూడో రోజున కింది కణుపు దగ్గర కందిగింజంత ముక్కు పొడుచుకొచ్చింది. ఇప్పుడు మూడు చిగుళ్ళు, పెద్దది నా అరచేతి పొడవుంది. ఈనె ఎర్రగానే ఉంది.

కాబట్టి నా విన్నపాలు. ఈ శ్రావణంలో రావద్దు. వస్తే నన్ను చూడ్డానికి రా, మొక్క కోసం రాకు. ఇప్పుడు కదిపితే నిలవదు, వచ్చే వానల దాకా ఆగాలి. బోరు పక్కన జాగాలో ఈలోగా నర్సరీ కరివేపాకు పెట్టొద్దు. బావ తొందరపడితే అక్కడ తోటకూర చల్లమను, అది నలభై రోజుల్లో దారి వదులుతుంది. పాత నేత చీర ఒకటుంటే పంపు, ఆకులు ఆరబెట్టడానికి నా లుంగీలు చాలడం లేదు. నాన్నకి సంచుల సంగతి నేనే చెప్తాను. ఆయన నవ్వుతాడు, తరవాత ఊరంతా నవ్వుతుంది, ఆ ఏర్పాటుకి నేను సిద్ధంగానే ఉన్నాను.

మీ అత్తగారికి నా దండాలు, ఆవిడ మెచ్చుకున్న పొడి గురించి నిజం చెప్పాలో వద్దో నీ ఇష్టం. బావకి నమస్కారాలు, ఇటుకల జోలికి వెళ్ళవద్దని మనవి. నీ దీవెన నాకు కావాలి, తిట్లు ముందు పెట్టినా ఫరవాలేదు, చివర్లో ఒకటి దీవెన ఉండేట్టు చూడు.

ఇంకొక్క మాట. ఈ కవర్లో కాగితం మడతలో ఒక రెమ్మ పెట్టాను. కొత్త చిగుళ్ళలో ముదిరింది అదొక్కటే. కొయ్యాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. పోస్టులో వచ్చేలోగా నీడనే ఆరుతుంది. అది నాయనమ్మ చెట్టు ఆకే, పుస్తకం ప్రకారం వేరే అవడానికి వీల్లేదు. కానీ నిన్న దాని చివరాకు ఒకటి నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంటే నాకు తేల్చుకోవడం చేతకాలేదు. ఇన్ని నెలలు బజారు ఆకు వాసనే చూశాను కదా, మన చెట్టుది ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకుంటే ఇంకేదో వస్తోంది. మామ్మగారు మంచి వాసనే అన్నారు గానీ ఆవిడ మన పెరడు చూడలేదు. నాయనమ్మ పక్కన కూర్చుని రోట్లో పొడి దంచినదానివి నువ్వు. అరచేతిలో వేసుకుని నలిపి చూడు. అదేనో కాదో ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఫోన్ చెయ్యి, నువ్వు ఎంతసేపు అరిచినా ఆ మాట దాకా పెట్టెయ్యను.

నీ తమ్ముడు
సింహాచలం