నన్ను నా కొడుకు ఖర్చులో నుంచి కొట్టివేయుట గురించి

మండల తహసీల్దారు గారి సముఖమునకు,
రాళ్లదొడ్డి గ్రామ కాపురస్తురాలు, కీర్తిశేషులు రామదాసు భార్య నాగలక్ష్మమ్మ నోటితో చెప్పి రాయించుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: నేను నా కొడుకు ఓబిలేష్ పోషణలో ఉన్నట్లు తమ కార్యాలయం ఇచ్చిన ధ్రువీకరణ పత్రం రద్దు చేయుట గురించి.

1. నా కొడుకు ఓబిలేష్ ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారి. భార్య సువర్ణను, ఏడో తరగతి చదివే కూతురు చేతనను వదిలి టౌనులో వేరే కాపురం పెట్టినాడు. విడాకుల కేసు నడుస్తున్నది. బిడ్డకు నెలనెలా ఎంత మనోవర్తి ఇవ్వవలెనో వచ్చే వాయిదాకు కోర్టువారు తేల్చెదరు. తండ్రి రాబడి ఎంత, అతని మీద ఆధారపడినవారు ఎవరు, వారికయ్యే ఖర్చెంత, ఇవన్నీ చూసి బిడ్డకు రావలసినది లెక్క కట్టెదరని మా వకీలు చెప్పినాడు.

2. ఆ ఖర్చులో నా కొడుకు నన్ను చూపినాడు. తల్లి తన ఇంట్లో మంచం పట్టి ఉన్నదనియు, ఆమెకు మందులు, పాలు, ఆపిల్ పండ్లు, కనిపెట్టుకొని ఉండుటకు ఒక మనిషి, ఇవి పోగా బిడ్డకిచ్చుటకు ఏమీ మిగలదనియు ప్రమాణం చేసి కాగితం పెట్టినాడు. దానికి తమ పత్రం జత చేసినాడు. వకీలు చదివి వినిపించినప్పుడు, ఆ ముసలిది ఎవరో గానీ పెట్టి పుట్టిందనుకొన్నాను.

3. నేను మంచం పట్టలేదు. రాళ్లదొడ్డిలో నా కోడలి ఇంట్లోనే ఉన్నాను. ఆమె మగ్గం నేస్తుంది, నేను కండెలు చుడతాను. నా పింఛను నేనే తీసుకుంటాను. ఈ దినం బస్సు దిగి నడిచే వచ్చినాను. తమ గుమాస్తా కుర్చీ చూపలేదు గనుక నిలబడే రాయించుచున్నాను.

4. నన్ను విచారించినట్లు సంతకం చేసిన వీఆర్వో కేశవను మా వాకిట్లోనే ఆపి అడిగినాను.

"ఏమప్పా, నన్ను యాడ చూసినావు?"

"నీ కొడుకు చెప్పినాడు కదమ్మా. తల్లిని సాకుతాండానంటే కాదంటామా?"

"సాకేటోడు చెప్తే సరిపాయెనా? తినేదాన్ని అడగొద్దా?"

సర్వరు ఆగిపోయినప్పుడు పెట్టే మొహమే పెట్టి, బండెక్కి పోయినాడు.

5. పోయిన సోమవారం తమ ఎదుటికే వచ్చినాను. కొడుకు సాకడం లేదనే అర్జీలే గానీ, సాకుతున్నాడన్నది తీసేయమనే అర్జీకి కంప్యూటరులో గడి లేదని గుమాస్తా నవ్వినాడు. "సాకుతున్నాడని రాస్తే నీకేం నష్టం అవ్వా? గౌరవమే కదా" అని తమరు సెలవిచ్చినారు. నష్టం చెప్తాను, వినండి. కళ్లద్దాలకు ఒక పక్క కాడ విరిగితే నా మనవరాలు పట్టుపోగుతో కట్టుకొని బడికి పోతాంది. దాని నోటికాడిది నేను తింటాన్నట్లు తమ సీలు సాక్ష్యం చెప్తాంది. ఇదేం గౌరవం?

కావున తాము ఆ పత్రం రద్దు చేసి, వాయిదాలోపల ఆ సంగతి కోర్టువారికి రాతపూర్వకంగా తెలుపవలెను. రద్దు చేసే రూలు లేదంటారా, ఆ పత్రాన్ని నిజమైనా చేయించండి. ఆ పాలు, పండ్లు, ఆ మనిషి, అన్నీ నెలనెలా మా గడపలో దింపించండి. ఎవరు తినేదీ నేను చూసుకుంటాను.

చిత్తగించవలెను. చిత్తగించకపోతే వచ్చే సోమవారమూ ఈడనే ఉంటాను.

తమ విధేయురాలు (ఇది రాయకపోతే తీసుకోరని రైటరు అంటే సరే అన్నాను),
నాగలక్ష్మమ్మ
ఎడమచేతి బొటనవేలి ముద్ర

తా.క.: ముద్ర వేసే లోపలే ఓబిలేష్ ఫోను చేసినాడు. తమ ఆఫీసులో ఎవరో వాని చెవిలో ఊదినట్లున్నారు. "అమా, వాయిదా అయ్యేదాకా నా ఇంటికొచ్చి పండుకో. ఎవరన్నా వస్తే లెయ్యొద్దు" అన్నాడు. "వాయిదాకే వస్తాలేరా, నడుచుకుంటా" అని పెట్టేసినాను. అంతలోపల తమ పత్రం రద్దు కాకపోతే దాన్ని చేతబట్టుకొని జడ్జి ముందర నిలబడతాను. ఇది ఎవరిచ్చినారని అడిగితే, నాకు చదువు రాదు గానీ తమ పేరు నోటికి వచ్చు.