అడగకుండా సేవ్ చేసుకునే పలక

9 ఆగస్టు 2020

ఇంట్లో పంచాయితీ. మనవరాలు హిమశ్రీది టెక్స్‌టైల్ డిజైన్ డిప్లొమా, రెండో ఏడు. కాలేజీ ల్యాబుకు మార్చి నుంచి తాళం. ఇంట్లో డెస్క్‌టాప్ పెట్టుకోమని టీచర్ మెసేజ్ పెట్టాడు. ఉధ్నాలో షాపువాడేమో టాబ్లెట్ చూపించి, కీబోర్డు తగిలిస్తే ఇదే డెస్క్‌టాప్ అన్నాడట.

నేను షాపువాడి పక్షం. డెబ్బై రెండేళ్లలో ఒక షాపువాడి తరఫున మాట్లాడటం ఇదే మొదలు.

మగ్గాల పనికి వలసొచ్చిన ఈ గుజరాతీ నగరంలో, నవాగామ్‌లో మాది ఒక్క గది. నలుగురం. బల్ల, డబ్బా, తెర పెడితే ఒకరు నిలబడి నిద్రపోవాలి. పైగా నేను చదివినంతలో రెండింటి లోపలా చిప్ దాదాపు ఒకే జాతి. రెండు వస్తువులు అమ్ముకోవాలి కాబట్టి కంపెనీలు చిన్నదాని కాళ్లు కట్టేస్తాయి. ఆ కట్టు విప్పితే టాబ్లెట్టే డెస్క్‌టాప్. విప్పాలి కూడా. పేదవాడి ఇంట్లో ఒక వస్తువు రెండు పనులు చేయకపోతే అది ఎందుకు?

తాతా, గది కంప్యూటర్ గాదు, లావైన ఫోను అని హిమశ్రీ నెత్తి కొట్టుకుంది. కొడుకు కిశోర్ అప్పుడే మగ్గం షిఫ్టు దిగి వచ్చాడు. బాపు చెప్పిందే కొందాం, జర లొల్లి బంజెయ్యుండ్రి అన్నాడు.

ఇంకో కారణం ఉంది. ఇంట్లో చెప్పలేదు. ఆ డబ్బా నా గడప దాటడం నాకిష్టం లేదు.

23 ఆగస్టు

వచ్చింది. కోడలు సుమన దానికి బొట్టు పెట్టింది. డెస్క్‌టాప్ మోడ్ అని ఒకటి నొక్కితే కింద పట్టీ, పైన కిటికీలు. వేషం బాగుంది. కాలేజీ సాఫ్ట్‌వేర్ మాత్రం ఎక్కలేదు. ఈ పరికరానికి పనికిరాదని తెర మీదే రాసింది. టీచర్ ఆన్‌లైన్ క్లాసులో అందరూ వింటుండగా, ఇక స్లేట్ మీద బొమ్మలేసుకో బేటా అన్నాడట.

ఆ టీచర్‌కు గ్రాఫ్ కాగితం మీద ఒక్క ఆకు వేయడం రాదు. నేను రుజువు చేయగలను. ఎవరూ అడగరు.

2 సెప్టెంబర్

వాన. ఉధ్నా బస్సులు లేవు.

1997 దాకా ఉధ్నా మిల్లుల్లో చీర డిజైన్ గ్రాఫ్ అంటే కనకయ్య మాస్టర్, అంటే నేనే. ఒక గడి అంటే ఒక పడుగు పోగూ ఒక పేక పోగూ కలిసే చోటు. గడి తప్పితే గుడ్డ తప్పుతుంది. లక్ష గడులు కుంచెతో నింపేవాణ్ని. అంబదాస్ పెళ్లయిన కొత్తలో పని లేక నా దగ్గరికొచ్చాడు. కుంచె పట్టడం నేను నేర్పాను. పొడుగ్గా తేలిన దారానికి మధ్యలో కట్టు ఎక్కడ వేయాలో, వేసినట్టు కనపడకుండా ఎలా వేయాలో నేర్పాను. అయిదేళ్ల తర్వాత వాడు మిల్లు సేఠ్ దగ్గరికి ఒక కంప్యూటర్ మోసుకొచ్చాడు. నా నలభై గ్రాఫులు దానిలోకి ఎక్కించాడు. మాస్టర్, కల్ సే మత్ ఆనా, రేపటి నుంచి రావద్దు అన్నాడు సేఠ్. అంబదాస్ తల దించుకొని కీబోర్డు తుడుస్తున్నాడు.

ఆ తర్వాత ఇరవై ఏళ్లు ఒక మిల్లు గేటు దగ్గర కాపలా కూర్చున్నాను. పస్తీ దుకాణంలో, పాత కాగితాలవాడి దగ్గర, కిలోల లెక్కన పుస్తకాలు కొని చదివాను. మగ్గానికి తగిలించే చిల్లుల అట్టల నుంచే కంప్యూటర్ పుట్టిందని నాకు ఓదార్పుగా చెప్పిన పెద్దమనుషులు చాలామంది. పిల్లలు పుట్టి తల్లిని తినడం తేళ్లలో మామూలే.

17 జనవరి 2021

హిమశ్రీ నాకు చెప్పకుండా అంబదాస్‌కు ఫోన్ చేసింది.

ఉధ్నాలో వాడికిప్పుడు సొంత డిజైన్ స్టూడియో. లాక్‌డౌన్‌లో ఊళ్లకు పోయిన ఇద్దరు డిజైనర్లు తిరిగి రాలేదట. ఒక సాంపుల్ చేసి పంపు బిడ్డా, మంచిగుంటే సీటు నీదే, కంప్యూటర్ నేనిస్త అన్నాడట. ఎవరి మనవరాలో తెలిసే అన్నాడట.

మన ఇంటి వాళ్లెవరూ ఆ మెట్లెక్కరు అన్నాను. కిశోర్ గొంతు లేచింది. నీ పగ నీ తాన్నే పెట్టుకో బాపూ, నా షిఫ్టు సగమైంది, ఇగ పిల్ల సదువు ఆపేసుడేనా అన్నాడు. సుమన తల ఎత్తలేదు. రోజంతా చీరలకు స్టోన్లు అతికిస్తుంది. వేళ్ల కొసలు గమ్ముతో తెల్లబడి వేలిముద్రలు పోయాయి. రేషన్ షాపు మిషన్ ఆమె వేలు గుర్తుపట్టదు. సీటు దొరక్కుంటే నా పక్కకు ఇంకో పీట ఏస్త మామా, గంతే అన్నది.

నేను లేచి వీధిలోకి పోయాను. ఒప్పుకున్నానని కాదు.

7 ఫిబ్రవరి

గీస్తున్నది. బొమ్మలేసే యాప్‌లో, పెన్నుతో. బార్డోలీ బస్సులో పోతూ చూసిన చెరకు పూత చీర పల్లూ మీదికి తెచ్చింది. గాలికి ఒక పక్కకు వంగిన వెన్నులు. ఎవరూ వేయలేదు. నేనూ వేయలేదు.

ఈ యాప్ మంచితనంతో సంపుతది తాతా, ప్రతి గీతనూ నున్నగ చేస్త అంటది అని చెప్పింది. మగ్గానికి నునుపు వద్దు. ఆరు రంగులంటే ఆరే, గడి గడికీ తెగినట్టు ఉండాలి. ఆ నునుపు ఆపేసి చుక్క చుక్కా పెడుతున్నది. పెద్ద సాఫ్ట్‌వేర్ అయితే రంగులు అదే లెక్కపెట్టి తప్పు చూపిస్తుందట. ఇక్కడ కళ్లే దిక్కు.

చూశావా, టాబ్లెట్ మీద అయింది కదా అన్నాను. అయితలేదు తాతా, నేను చేస్తున్న అన్నది.

18 ఫిబ్రవరి, మధ్యాహ్నం 3

తల్లీకూతుళ్లు చీరల మూట దింపడానికి పోయారు. టాబ్లెట్ చాప మీద ఉంది. తెరిచాను. పక్కన కూర్చొని ఆరు నెలలుగా చూస్తున్నాను. నాకు ఆన్ చేయడం కూడా రాదని వాళ్ల నమ్మకం.

పల్లూ అంతా వెతికాను. వెన్ను కింద మూడు ఆకుల్లో దారం కట్టు లేకుండా పొడుగ్గా తేలింది. గాజు తగిలితే తెగుతుంది. ఇది అంబదాస్ కంట పడితే ఏమంటాడు? మాస్టర్ మనవరాలికి కట్టు వేయడం రాలేదంటాడు. నవ్వుతాడు.

పెన్ను తీసుకున్నాను. మూడు ఆకుల్లోనూ కట్టు వేశాను, వేసినట్టు కనపడకుండా. ఇరవై నాలుగేళ్ల తర్వాత కూడా గడి తప్పలేదు. దగ్గరగా చూడటానికి రెండు వేళ్లతో లాగాను. బొమ్మ చుట్టూ ఒక చుక్కల గీత వచ్చింది. మళ్లీ నొక్కితే పోయింది. మూసేశాను. సేవ్ చేయమంటావా అని అది అడగలేదు.

చాలా ఏళ్ల తర్వాత ఇవాళ సంతోషంగా ఉంది.

20 ఫిబ్రవరి

పంపింది.

9 మార్చి

అంబదాస్‌కు తొందర. ఉన్న ఒక్క ఆపరేటర్ ఫైలును ఉన్నదున్నట్టు మగ్గం ఎక్కించాడు. ఒక షిఫ్టు నేశాక దీపం కింద పెట్టి చూశారు. ప్రతి వెన్ను అంచునా వేరే రంగుల నలుసులు. పురుగు కొట్టినట్టు.

హిమశ్రీ ఫైలు తెరిచి చూసుకున్నది. బొమ్మ మొత్తం వెంట్రుకవాసి కుంచించుకుపోయింది. ఎవరి వేళ్లో పడి సైజు మారితే, యాప్ గడులన్నీ కలిపి నున్నగా పూసేసింది. ఆరు రంగులు రెండు వందలైనాయి. ఈ చిన్న తెర మీద అది ఎవరికీ కనపడదు. నాదే పొరపాటు, వేలు తగిలి ఉంటది అని ఏడ్చింది.

అన్నాల దగ్గర అంబదాస్ అన్న మాటలు చెప్పింది. మూడు ఆకుల్లో కట్టు నీ చేయి గాదు పిల్లా, ఇంకెవరన్న ముట్టుకుంటే ఆయననే నాకు ఫోన్ చెయ్యమను, ఏప్రిల్ దాకా సీటు ఆపుత, లేకుంటే తప్పు నీదే అన్నాడట. దానికి మా పిల్ల ఏం చెప్పిందంటే, మా ఇంట్ల ఇంకో చేయి లేదు సార్, బాపు మగ్గం, అమ్మ గమ్ము, తాతకు ఆన్ చేసుడే రాదు.

కిశోర్ నవ్వాడు. నేనూ నవ్వాను.

10 మార్చి

డెస్క్‌టాప్ అయితే అడిగేది. మార్చావు, ఉంచనా తీసేయనా అని అడగడం దాని మర్యాద. ఈ పలక మన మనసు తనకు తెలుసనుకుంటుంది. ఇది డెస్క్‌టాప్ కాకూడదు. కాలేదు కూడా. దీన్ని అలా అమ్మినవాడిని ఉధ్నా చౌరస్తాలో నిలబెట్టాలి.

నాలుగు పేజీలు రాశాను. చించేశాను. వేళ్లు నావి.

15 మార్చి

ఫోన్ చేయలేదు.

28 మార్చి

వాడు కావాలనే చేస్తున్నాడు. ఆ చేయి ఎవరిదో వాడికి తెలుసు. వాడికి కావాల్సింది నా గొంతు. అంబదాస్, తప్పు నాది అని నేను అనాలి. 1997లో వాడు అనని మాట.

సుమన రెండో పీట వేసింది.

6 ఏప్రిల్

హిమశ్రీ ఇవాళ పదకొండు చీరలు అతికించింది. కాలేజీ పరీక్ష ఫీజు గడువు పోయింది. కట్టలేదు. నంబరు నొక్కి, మోగకముందే తీసేశాను. రేపు చేస్తాను.

14 ఏప్రిల్

అంబదాస్‌ను ఆస్పత్రిలో చేర్చారట. వీధి చివర ముగ్గురు పోయారు. అంబులెన్సుల మోత వినిపించీ వినిపించీ, ఆగినప్పుడే భయమేస్తున్నది.

16 ఏప్రిల్

చేశాను. వాడి కొడుకు సుజిత్ ఎత్తాడు. బాపు మాట్లాడలేడు, ఆక్సిజన్ మీదున్నడు, ఏమన్న చెప్పాల్నా మాస్టరూ అన్నాడు.

ఏం లేదు, ఎట్లున్నడో అడుగుదామని అన్నాను.

19 ఏప్రిల్

పోయాడు. అరవై ఒకటి.

నేను బతికున్నాను. లెక్క తేలలేదు.

6 జూన్

ఉధ్నా పోయాను. ఆ మెట్లెక్కాను. పద్దెనిమిది మెట్లు. స్టూడియోలో బల్లలు ఖాళీ. తీగలు కింద పడి ఉన్నాయి. సుజిత్ మాస్కు కిందికి లాగి మంచినీళ్లిచ్చాడు.

చెప్పాను. మూడు ఆకుల గురించి, రెండు వేళ్ల గురించి, అంతా. పిల్ల చేతిలో తప్పు లేదు అన్నాను.

విన్నాడు. గిప్పుడు ఎవల చేయైతే ఏంది మాస్టరూ అన్నాడు. కంప్యూటర్లన్నీ భివండీకి అమ్మిన, నేను మందుల షాపు పెడుతున్న అన్నాడు. బాపు మార్చి నెలంత ఫోను జేబుల పెట్టనియ్యకపాయె, నా ఎదురుంగనే ఉండాలె, మాస్టర్ చేస్తడు అంటుండె అని కూడా అన్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే కొంత బాగుండేది.

ఇంటికొచ్చాక ఎక్కడికి పోయావని సుమన అడిగింది. కళ్ల డాక్టర్ దగ్గరికి అన్నాను.

12 సెప్టెంబర్

హిమశ్రీ టాబ్లెట్ తెరవడం లేదు. ఇవాళ చీరలు తీసుకునే మేస్త్రీ ఎవరో, ఈ పిల్ల చేయి భలే సాఫ్, లైను తప్పదు అన్నాడట. సుమన సంతోషపడింది.

23 జనవరి 2022

అంబదాస్ నంబరుకు చేశాను. ఎందుకో తెలియదు. మోగింది. ఎవరో ఎత్తారు. పేరు అడగకుండా మొదలుపెట్టాను. అంబదాస్, ఆ కట్టు నేను వేసింది, పిల్ల వేయలేదు, ఆ వేళ్లు నావి, సీటు పిల్లదే అన్నాను. అవతలి మనిషి చివరిదాకా విన్నాడు. కాకా, తమే కోణ్, నంబర్ నవో ఛే అన్నాడు గుజరాతీలో, మర్యాదగా. మీరెవరు, ఈ నంబరు కొత్తది అని.

ఫోన్ దించాను. హిమశ్రీ రెండడుగుల దూరంలో పీట మీద ఉంది. స్టోను పట్టుకున్న చేయి గాలిలో ఆగి ఉంది.