వాకిట్లోకి రాని పేజీ

అక్రా,
మంగళవారం

డేడే పిన్నికి నార్తె నమస్కారాలు.

నీ గాజుపూసల వెబ్‌సైట్ తయారైంది! నా రాతల్నీ నీ ఫొటోల్నీ కలిపి లాప్‌టాప్ చకచకా పేజీలు అల్లేసింది. అడ్రసు ఇదిగో: లోకల్‌హోస్ట్, పక్కన 1313. చూసి సరేనను. లోమే నుంచి పూసలు కొనే మదాం అఫీ శనివారం చూస్తానంది కదా. ఆవిడకు నచ్చకపోతే ఈ వానాకాలం మన పూసల బట్టీలు చల్లారినట్టే.

నీ అక్క కొడుకు,
నార్తె

తా.క. నువ్వు పంపిన కెంకీ ముద్దలు తిన్నాను. చేపలు అందినట్టు మా ఇంటి ఓనరమ్మ చెప్పింది.

ఒడుమాసె,
బుధవారం పొద్దున

నాయనా నార్తె,

నీ అడ్రసు నా ఫోన్లో కొడితే ఏమీ లేదంది. పాస్టరుగారి ఫోనూ లేదంది. ఆయన ఫోను అబద్ధం చెప్పదు కదా! ఊరంతా చాటాను, ఇప్పుడు మొహం ఎక్కడ పెట్టుకోను? నిజం చెప్పు, వెబ్‌సైట్ చేశావా, తిని పడుకున్నావా?

పిన్ని

తా.క. ఆ అడ్రసు మదాం అఫీకి కూడా పంపేశాను.

అక్రా,
బుధవారం సాయంత్రం

పిన్నీ,

కాళ్ళు పట్టుకుంటాను, తప్పు నాదే. ఆ అడ్రసుకు ‘ఈ మిషన్లోనే’ అని అర్థం. ఏ ఫోన్లో కొడితే ఆ ఫోను తన కడుపులోనే వెతుక్కుంటుంది. పేజీని ఇంకా లోకంలోకి వదల్లేదు. పసిబిడ్డను వాకిట్లోకి తెచ్చి పేరు పెట్టేదాకా గదిలోనే ఉంచి మనవాళ్ళే చూసుకోరూ? అలాగన్నమాట. బిడ్డ నా గదిలో క్షేమం.

నార్తె

తా.క. కవరు దొరకలేదు. ఉత్తరం మడిచి మన ఊరి బస్సు డ్రైవర్ ఒఫోరికి ఇచ్చాను.

ఒడుమాసె,
గురువారం

ఒరే నార్తె,

ఆ ముక్క ముందే చెప్పొద్దూ! పెద్దవాళ్ళు చూడకుండా ఏ బిడ్డనైనా వాకిట్లోకి తెస్తారా? నాకు మోకాలు పట్టేసింది, లేవలేను. పూసల సంఘం ఆడవాళ్ళను రేపు పంపుతున్నా. లాప్‌టాప్ దుమ్ము తుడిచి ఉంచు.

పిన్ని

తా.క. ఒఫోరి నీ ఉత్తరంలో ‘బిడ్డ నా గదిలో క్షేమం’ అన్న ముక్కను బస్సుల దగ్గర అందరికీ చదివి వినిపించాడు. “నా కూతుర్ని చేసుకుంటానన్నవాడి గదిలో బిడ్డేమిటి?” అంటూ కోర్కో వాళ్ళమ్మ కూడా బయల్దేరుతోంది. చేతిలో గొడుగుంది. వాన లేదు.

అక్రా,
ఆదివారం

బంగారు పిన్నీ,

నీకెన్ని దండాలు పెట్టినా తక్కువే. గదిలో కాలు పెట్టే చోటు లేకుండా వచ్చారు. కోర్కో వాళ్ళమ్మ ముందు మంచం కింద చూసింది, తర్వాత బీరువాలో. లాప్‌టాప్ చూపిస్తే “ఇదా బిడ్డ!” అని గొడుగు దించి, కళ్ళజోడు పెట్టుకుంది.

“ఇదేంటయ్యా, ఈ పని డేడే మొదలుపెట్టిందని రాశావ్? డేడేకి పూసలు కాల్చడం నేర్పింది మా అమ్మ మామ్లే కాదూ?” అంది.

నాకు తెలియదు పిన్నీ. అప్పటికప్పుడు దిద్దాను. దిద్దీ దిద్దగానే పేజీలో మామ్లే పేరు వచ్చింది. ఆవిడ తెరమీద ఆ పేరును వేలితో తడిమి ఏడ్చేసింది. ఆ తప్పుతో వదిలేసి ఉంటే మనం ఆవిడకు మొహం చూపించగలమా? బిడ్డ గదిలో ఉండగానే చూడ్డానికి వాళ్ళను పంపావు, చల్లగా ఉండు.

ఆవిడే పోయిన పెద్దల్ని తలచుకుని నేలమీద నాలుగు చుక్కల నీళ్ళు వదిలి, “ఇక వాకిట్లోకి తీసుకురా” అంది. తెచ్చాను. అందరికీ కనపడే కొత్త అడ్రసు పంపితే మదాం అఫీ నిన్న చూసి పూసలు కావాలంది. బట్టీలు వెలిగించు!

నార్తె

తా.క. ఆవిడ గొడుగు ఇక్కడే మరిచిపోయింది. నన్నే తెచ్చి ఇమ్మని కబురు చేసింది, పిల్లనడగడానికి పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని. నువ్వు త్వరగా మోకాలికి మందు రాసుకో.