నాలుగు స్తంభాల గొడవ

మంగళవారం, తొండియార్‌పేట

మా ఆన్‌లైన్ ఆటలో ఊళ్లన్నీ ఆడేవాళ్లు కట్టుకున్నవే. ఎవరు కట్టింది వాళ్లు ఎప్పుడైనా తీసేసుకోవచ్చని నియమం రాసింది నేనే. ఇవాళ ఒకాయన ఆటలోని పక్కింటివాళ్లతో గొడవపడి, అందరూ కలిసి కట్టిన వంతెనకు తాను వేసిన నాలుగు స్తంభాలూ తీసేశాడు. వంతెన మొత్తం కూలిపోయింది. అవతలి ఊరికి ఇక దారి లేదు.

ఆయనది ఇక్కడే చెన్నైలోని ఎన్నూరు, మన తెలుగాయనే. ఫోన్ చేసి అడిగాను.

"నావి నేను తీసుకున్నా మేడమ్. మీ రూల్లో అట్లనే ఉండాది కదా," అన్నాడు.

అందరూ కలిసి కట్టినవి ఎవరూ తీయకూడదని నియమం మారుద్దామని మా మేనేజర్ మురళన్నతో అన్నాను.

"సెరిమ్మా, అప్పుడు నా ఇల్లు కూడా అందరిదేనా అని అడుగుతారే. ఏం చెప్తావు?"

సాయంత్రం దాకా వాదించాను. మురళన్న మాటా తప్పు కాదు, అందుకే ఇంకా ఒళ్లు మండింది.

చివరికి పాత కాపీ నుంచి వంతెనను తిరిగి పెట్టించాను. పది నిమిషాల్లో ఆ ఎన్నూరాయన వచ్చి మళ్లీ స్తంభాలు పీకేశాడు. నియమం అదే కదా మరి.

విసుగొచ్చి కంప్యూటర్ కట్టేయబోతుంటే, అవతలి ఊళ్లో ఒకావిడ తన ఇంటి గోడ విప్పి, ఆ రాళ్లతో వంతెనకు కొత్త స్తంభం కట్టడం కనిపించింది. ఆమెను ఎవరూ అడగలేదు...