నారింజ పగడానికి తిండి పెట్టే హక్కు

ఈ వీధిలో అందరూ పళ్ళమ్మ అని పిలిచే నేను, కట్టుడు పళ్ళు చేసి బతికినదాన్ని, మూడో అంతస్తులోని నా సొంత ఇంటి ముందు గదిలో కూర్చుని, మతి స్థిమితంగా ఉండి, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా రాయిస్తున్న వీలునామా ఇది. చెప్పేది నేను, రాసేది నా తమ్ముడు. వాడు బస్సు డ్రైవరు. దస్తూరీ కూడా గతుకుల రోడ్డు మీద రాసినట్టే ఉంటుంది, చదివేవాళ్ళు ఓర్చుకోవాలి. మతి స్థిమితంగా ఉందన్నాను గానీ, ఆసుపత్రి నుంచి వచ్చి ఈ గది తలుపు తీసిన రోజు నుంచీ నాకు దిమ్మ తిరిగే ఉంది. గుండెకి ఇంకోసారి ఆపరేషన్ చెయ్యాలంటున్నారు. గురువారం చేరాలి. తిరిగొస్తానో లేదో తెలీదు కాబట్టి ఇప్పుడే చెబుతున్నాను.

1. ఈ ఇల్లు, ఇందులోని సామానుతో సహా, నా ఇద్దరు కూతుళ్ళకీ సర్వహక్కులతో చెరి సగం చెందాలి. మధ్యలో గోడ కట్టకూడదు. ఇది ఎందుకు రాయిస్తున్నానంటే, వాళ్ళిద్దరికీ మాటల్లేవు. చిన్నమ్మాయి కొత్త ఫ్లాట్‌లో చేరినప్పుడు పెద్దమ్మాయి వంటగది చూసి ఇది వంటిల్లా అలమారా అంది. అంతే, ఆ పూట నుంచీ ఒకరి మొహం ఒకరు చూడరు. ఇప్పుడు కూడా పెద్దమ్మాయి బాల్కనీలో ఉంది, చిన్నమ్మాయి వంటింట్లో ఉంది, మధ్యలో కూర్చుని నేను ఆస్తి పంచుతున్నాను.

2. వెనక గదిలో ఉన్న అరగదీసే మిషన్, మైనం కరిగించే దీపం, పనిముట్లన్నీ నా దగ్గర పని నేర్చుకున్న సహాయకురాలికి ఇవ్వాలి. నా భూతద్దం మాత్రం ఎదురు క్లినిక్‌లోని పళ్ళ డాక్టరుకి. ఆయన పంపిన పళ్ళ అచ్చుల్లో ఒక్కటీ తిన్నగా ఉండేది కాదు. పన్ను సరిగ్గా కూర్చోకపోతే తప్పు నాదని పేషెంట్లకి చెప్పేవాడు. ఇకనైనా చూసి పంపమనండి.

3. నా పెద్దల్లుడుగారికి మందుల సొరుగులో ఒక చిన్న డబ్బా ఉంది. ఆయన నా అక్వేరియంని ఉప్పునీళ్ళ తొట్టి అనేవారు, పైగా దాని అద్దానికి మోచెయ్యి ఆనించి నిలబడేవారు. నాకు ఒళ్ళు మండేది. అయినా ఆయన నిద్రలో పళ్ళు నూరతారని అమ్మాయి చెబితే, ఎప్పుడో ఆయన పంటికి క్యాప్ చేసినప్పటి అచ్చు వెతికి, రాత్రి పెట్టుకునే తొడుగు చేశాను. రోజూ పెట్టుకోవాలి. నా కూతురు కూడా కాస్త నిద్రపోవాలి.

4. ఇక అక్వేరియం. ఇందులో నేను పెంచినవి మెళ్ళో వేసుకునే పగడాలు కావు, ప్రాణమున్నవి. మా ఆయన పోయాక ఈ గదిలో నాకు తోడుగా ఉన్నవి ఇవే. తక్కినవాటికి పైనున్న దీపం వెలుగుతోనే చాలావరకు గడిచిపోయేది, వారానికి రెండుసార్లు కాస్త పొడి కలిపి వదిలితే సరిపోయేది. నారింజ పగడం సంగతి వేరు. దానికి వెలుతురుతో పనే లేదు, ఒళ్ళంతా నోళ్ళే, ఒక్కో నోటికీ విడిగా అందించాలి. ముందు నీళ్ళు తిప్పే మోటారు ఆపాలి. రొయ్య నానబెట్టిన నీళ్ళు ఒక చుక్క వదిలి, అది నోళ్ళు తెరిచేదాకా ఆగాలి. అప్పుడు చిగుళ్ళు కడిగే వంపుముక్కు సిరంజితో నోటికొక చిన్న ముక్క పెట్టాలి.

ఆసుపత్రికి వెళ్ళేముందు ఇదంతా పెద్దమ్మాయికి చేసి చూపించి, తాళం ఇచ్చి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి మెట్ల మీదే కుళ్ళు వాసన. తలుపు తీస్తే అక్వేరియంలో నీళ్ళు పాలలా తెల్లగా ఉన్నాయి. నా పగడాలు రంగు పోయి, జిగురు కారుతూ, ఎముకల్లా మిగిలాయి. చెప్పులు కూడా విప్పకుండా అలాగే నిలబడిపోయాను. వాటిని పస్తులుంచి చంపేశావని పెద్దమ్మాయిని నోటికొచ్చినట్టు తిట్టాను. రోజూ పెట్టానమ్మా, మానలేదమ్మా అని అది వెక్కి వెక్కి ఏడ్చింది.

సాయంత్రం చిన్నమ్మాయికి ఫోన్ చేసి వాపోతే, అదేంటమ్మా, నేనూ రోజూ పెట్టాను కదా అంది. నా చెవుల్ని నేనే నమ్మలేదు. దాని దగ్గర పాత తాళం ఉంది. అక్క ఆ నీచు నీళ్ళలో చెయ్యి పెట్టే మనిషి కాదని దానికి గట్టి నమ్మకం, అందుకని ఆఫీసు అయ్యాక వచ్చి పెట్టి వెళ్ళేది. పెద్దది పొద్దున్న, చిన్నది సాయంత్రం. మధ్యలో కుళాయి కట్టేసి ఉందో లేదో చూద్దామని వచ్చిన నా తమ్ముడు, పాపం ఆకలిగా ఉన్నట్టున్నాయని తన వంతు తనూ వేశాడట. ఈ ముక్క రాయడానికి వాడు కలం ఆపాడు. రాయరా, ఉన్నదే చెబుతున్నాను.

ఒకరు వచ్చిన సంగతి ఇంకొకరికి ఎందుకు తెలియలేదంటే, ముగ్గురూ సిరంజి కడిగి, తుడిచి, సొరుగులో ఎక్కడిది అక్కడ పెట్టారు. నా ఇంట్లో పనిముట్టు తడిగా వదిలితే వీపు విమానం మోత మోగుతుందని ముగ్గురికీ తెలుసు. నా పెంపకం అంత చక్కగా పనిచేసింది. పగడాలు ఆకలితో పోలేదు, తిండి ఎక్కువై పోయాయి. ఇది తెలిసి ఇన్ని రోజులైనా నాకు ఇంకా మింగుడు పడటం లేదు.

5. ఆసుపత్రిలో జరిగింది కూడా రాయి. పెద్దమ్మాయి క్యారేజీ పట్టుకుని పన్నెండు దాటకుండా వచ్చేది. అది అటు వెళ్ళగానే చిన్నమ్మాయి ఇంకో క్యారేజీతో దిగేది. ఒకరి పేరెత్తితే ఇంకొకరు మూతి ముడుస్తారని నేను నోరెత్తకుండా రెండూ తినేదాన్ని. అది చూసి నర్సు నవ్వేది. షుగరు చూసి డాక్టరు నవ్వలేదు. కూతురు తెచ్చి మూత తీస్తే ఏ తల్లి నోరు తెరవకుండా ఉంటుంది. పగడాలూ అదే చేశాయి, వాటిని ఏమనడానికీ లేదు.

6. అన్నీ పోగా నారింజ పగడం ఒక్కటే మిగిలింది. తమ్ముడు నీళ్ళు మార్చాడు, అది కాస్త తేరుకుంది. కుట్ల వల్ల నా చెయ్యి భుజం దాకా లేవదు, అక్వేరియం అంచు నాకు అందదు. కూతుళ్ళు వస్తున్నారు కదా, చూసుకుంటారులే అనుకున్నాను. నిన్న దగ్గరికి జరిగి చూస్తే నోళ్ళన్నీ బిగుసుకుపోయి ఉన్నాయి. ఎవరు పెడుతున్నారని అడిగాను. చెల్లి పెట్టి ఉంటుందనుకున్నా, మళ్ళీ ఎక్కువవుతుందని భయమేసి నేను ముట్టుకోలేదు అంది పెద్దది. అక్క పెట్టి ఉంటుందనుకున్నా అని చిన్నది కూడా అచ్చంగా అదే మాట. నేను కళ్ళెదురుగా కూర్చుని ఉండగానే దానికి పస్తు. అప్పుడు ముగ్గురు పెట్టి చంపారు, ఇప్పుడు ఎవరూ పెట్టకుండా చంపబోతున్నారు. నేను లేని ఇంట్లో ఇక దాని గతి ఏమిటి.

7. కాబట్టి నారింజ పగడం, దాని అక్వేరియం, సిరంజితో సహా, నా ఇద్దరు కూతుళ్ళకీ ఉమ్మడిగా చెందుతాయి, పంపకం లేదు. షరతు ఒక్కటే. ఎవరు తిండి పెట్టబోయినా ముందు రెండోవాళ్ళకి ఫోన్ చేసి, నేను పెడుతున్నాను అని నోటితో చెప్పాలి. మెసేజీలు చెల్లవు. అల్లుళ్ళ చేత చెప్పించడం చెల్లదు. అటువైపు వాళ్ళు ఎత్తి సరే అనేదాకా సిరంజి ముట్టుకోకూడదు. ఇది ఈ రోజు నుంచే అమలు, నేను పోయేదాకా ఆగేది లేదు. ఎత్తకపోతే, ఈ వీలునామా అమలు చేసే బాధ్యత ఉన్న నా తమ్ముడు పగడాన్ని తీసుకెళ్ళి అక్వేరియం షాపతనికి ఉచితంగా ఇచ్చెయ్యాలి. వాళ్ళిద్దరి బతిమాలుడూ వినకూడదు. నా పగడం పరాయి చోటైనా తిని బతకాలి.

ఈ ఏడో అంశాన్ని తమ్ముడు బస్సులో స్టాపు పేరు కేకేసినంత గట్టిగా, బాల్కనీకీ వంటింటికీ వినబడేలా చదివాడు. చదివిన కాసేపటికి వంటింట్లో ఫోన్ మోగింది. బాల్కనీలో పెద్దమ్మాయి ఇటు వీపు పెట్టి, ఫోన్ చెవికి ఆనించుకుని ఉంది. మోగి మోగి ఆగిపోయింది. అది మళ్ళీ చేసింది. మళ్ళీ మోగుతుండగా సగంలో ఆగిపోయింది. కట్ చేసిందో ఎత్తిందో నా కుర్చీలోంచి కనబడటం లేదు. లేచి చూసే ఓపిక నాకు లేదు, అడిగే ధైర్యం అంతకన్నా లేదు. తమ్ముడు సంతకం పెట్టమంటున్నాడు. పెడుతున్నాను.

తేదీ: ఆగస్టు 11, మంగళవారం

సంతకం: పళ్ళమ్మ

సాక్షులు:

మొదటి సాక్షి, కింది అంతస్తులో మందుల షాపు నడిపే వ్యక్తి. ఆవిడ పూర్తి తెలివితో నా ఎదుట సంతకం చేశారు.

రెండో సాక్షి, పక్కింట్లో ఉండే దర్జీ. ఆవిడ నా ఎదుట కూడా సంతకం చేశారు. నా కుర్చీ వంటింటి గుమ్మం పక్కనే ఉన్నందువల్ల, చిన్నమ్మాయి ఫోన్ ఎత్తి, ఏడుస్తూ, సరే అక్కా పెట్టు అనడం నేను కళ్ళారా చూశానని, చెవులారా విన్నానని కూడా ఇందుమూలంగా సాక్ష్యం చెబుతున్నాను.