బెల్లం లేని కషాయం

అమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున్నే పాశమైలారం ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ పొట్ట పట్టుకుని మన గుమ్మంలోకి వచ్చాడు. అజీర్తి చేసిన కూలీల కోసం నువ్వు గేటు దగ్గరికి తీసుకెళ్లిన కషాయం గిన్నెను "గడ్డినీళ్లు" అంటూ కాలితో తన్నినవాడే.

"గోలీలు పనిజేస్తలేవక్కా. మీ అమ్మ లెక్క జెర కషాయం కాసిస్తవా?"

"గడ్డినీళ్లు తాగుతరా సార్?" అన్నాను. తల దించుకున్నాడు.

వాము, సొంఠి, నేలవేము నీ కొలతతోనే మరిగించాను. మందులో మోసం చేస్తే నువ్వు ఊరుకోవు. తాగేసరికి చేదుకు అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"జెర బెల్లం ఉందా అక్కా?"

కషాయం తాగిన ఎవరికైనా నువ్వు బెల్లం ముక్క పెట్టేదానివి.

"లేదు సార్" అన్నాను. అతను చూస్తుండగానే బెల్లం డబ్బా మూత తీసి, ఒక ముక్క నా నోట్లో వేసుకున్నాను. నువ్వు పెట్టిన ముక్కలు కూడా అంత తియ్యగా ఉండేవి కావమ్మా.